రీమేకులు అసలు గేమ్‌కి సాటి వస్తాయా?

సేవ్‌రూమ్:
రీమేక్ వచ్చిన ప్రతిసారీ అందరూ గ్రాఫిక్స్ ఎంత బాగున్నాయో మాట్లాడతారు. నాకు దాంతో పేచీ లేదు. పాత గేమ్‌లో ఇబ్బందిగా కనిపించేవాటి మీదే చాలాసార్లు ఆట మొత్తం నిలబడి ఉంటుంది. రీమేక్ చేసేవాళ్ళు ఆ ఇబ్బందిని తీసేసి, దాని లెక్కతో కట్టిన గదుల్ని, శత్రువుల్ని అలాగే ఉంచేస్తారు. అందుకే చాలా రీమేకులు అసలుదాని దరిదాపుల్లోకి రావని నేనంటాను.

1998 నాటి మెటల్ గేర్ సాలిడ్ చూడండి. కెమెరా పైనుంచి ఉంటుంది. గార్డు చూపు ఎటుందో రాడార్‌లో కనిపెడుతూ, గోడకి ఆనుకుని, ఆచితూచి అడుగు వేయాలి. ఫస్ట్ పర్సన్‌లో, అంటే పాత్ర కళ్ళతో, చుట్టూ చూడొచ్చు గానీ పిస్టల్ పేల్చలేం. 2004లో గేమ్‌క్యూబ్‌ కన్సోల్‌కి ట్విన్ స్నేక్స్ పేరుతో దాని రీమేక్ వచ్చింది. సిరీస్‌లోని తర్వాతి గేమ్ నుంచి ఫస్ట్ పర్సన్ గురిని, మత్తు తూటాల పిస్టల్‌ని తెచ్చి ఇందులో పెట్టారు. స్థలాలు మాత్రం పాతవే. ఇంకేముంది, దూరంగా నిలబడి ఒక్కొక్కడినీ పడుకోబెట్టి నడుచుకుంటూ వెళ్ళిపోవచ్చు. ఆసలాట్ అనే విలన్‌తో స్తంభాల చుట్టూ పరిగెడుతూ చేయాల్సిన ఫైట్‌లో టెన్షనే లేదు.

పిక్సెల్‌పిచ్చి:
ఆ ఒక్కదాన్ని పట్టుకుని అన్నిటినీ కొట్టిపారేయడం అన్యాయం అన్నా. 1996 రెసిడెంట్ ఈవిల్‌కి 2002లో వచ్చిన రీమేక్ సంగతేంటి? డైరెక్టర్ మళ్ళీ షింజి మికామీయే. కదలని కెమెరాలు, సేవ్ చేయడానికి ఇంక్ రిబ్బన్లు, అన్నీ ఉంచాడు. పైగా క్రిమ్సన్ హెడ్‌లను తెచ్చాడు. చంపిన జాంబీని తల పోకుండా, తగలబెట్టకుండా వదిలేస్తే కాసేపటికి లేచి పరిగెత్తుకుంటూ మీదికొస్తుంది. తగలబెట్టడానికి కిరోసిన్ చూస్తే అంతంతమాత్రం. ఆ భవనంలో ప్రతి తలుపూ కంఠతా వచ్చినవాళ్ళకి కూడా మళ్ళీ భయం పుట్టించాడు. 'ఈ కారిడార్ ఖాళీ చేశాం కదా' అన్న ధైర్యాన్నే తీసేశాడు. సాటి రావడం కాదు, అసలుదాన్ని దాటేసింది.

2023 రెసిడెంట్ ఈవిల్ 4 కూడా అంతే. 2005 గేమ్‌లో గురి పెట్టినప్పుడు కదల్లేం. ఆట అంతా దాని మీదే నడుస్తుంది. రీమేక్‌లో కదలొచ్చు. కానీ దానికి తగ్గట్టు శత్రువుల దూకుడు పెంచారు, చుట్టుముట్టడం నేర్పారు. కత్తితో దెబ్బ ఆపే వీలిచ్చి, ఆ కత్తే అరిగిపోయేలా చేశారు. నువ్వన్న లెక్క మొత్తం మళ్ళీ వేశారు.

సేవ్‌రూమ్:
నువ్వు చెప్పిన రెండూ నా మాటకే బలం. ఇబ్బందిని ఉంచారు, లేదా తీసి ఇంకోటి పెట్టారు. మరి అదే సిరీస్‌లో 2020లో వచ్చిన మూడో గేమ్ రీమేక్? క్లాక్ టవర్ భాగమే ఎత్తేశారు. వెంటాడే రాక్షసుడు నెమెసిస్ ఎదురైనప్పుడు అప్పటికప్పుడు ఏం చేయాలో మనం ఎంచుకునే పద్ధతి కూడా పోయింది. 1999 గేమ్ రెండోసారి ఆడాలనిపించేదే దాని వల్ల.

కొత్తాటగాడు:
1997లో ఫైనల్ ఫాంటసీ 7 వచ్చేనాటికి నేను పుట్టనేలేదు. దాన్ని 2020 రీమేక్‌తోనే మొదలుపెట్టాను. జెస్సీ, బిగ్స్, వెడ్జ్ పాత్రలంటే ప్రాణం. వాళ్ళకి పాత గేమ్‌లో చాలా తక్కువ చోటు ఉందని తర్వాత తెలిసింది. రీమేక్ లేకపోతే నాలాంటివాళ్ళు ఈ కథ దగ్గరికే వచ్చేవాళ్ళం కాదు. అది లెక్కలోకి రాదా?

పొగమంచు:
వస్తుంది తమ్ముడూ, తప్పకుండా వస్తుంది. కానీ ఆ గేమ్‌తోనే నాకు ఒక చిక్కు ఉంది. పాత గేమ్‌లో కొన్ని గంటల్లో దాటిపోయే మిడ్‌గర్ నగరాన్ని పూర్తి గేమ్‌గా సాగదీశారు, అది సరే. కథ పాత దారి తప్పబోయినప్పుడల్లా నల్లటి ఆత్మల్లాంటివి వచ్చి అడ్డుపడతాయి కదా, పాత దారి ఏదో తెలియనివాళ్ళకి అవెందుకొచ్చాయో ఎలా అర్థమవుతుంది? కొత్తవాళ్ళని పిలిచి, పాతవాళ్ళతో మాట్లాడే గేమ్ అది.

నా మనసుకి దగ్గరైనది సైలెంట్ హిల్ 2. 2001 గేమ్‌లో జేమ్స్‌కి కొట్లాట సరిగా రాదు, కెమెరా చాలాచోట్ల అతన్ని దూరం నుంచి చూస్తుంది. అతనొక మామూలు మనిషి, భార్యను వెతుక్కుంటూ వచ్చినవాడు. 2024 రీమేక్‌లో కెమెరా భుజం వెనక్కి వచ్చింది, తప్పుకోవడం నేర్చాడు, పోరాటాలు పెరిగాయి, ఆట దాదాపు రెట్టింపు పొడవైంది. పొగమంచు, చప్పుళ్ళు, నటన అద్భుతం. పాత గేమ్‌నే మళ్ళీ తెచ్చిన 2012 హెచ్‌డీ కలెక్షన్‌లో ఆ పొగ ఎంత పాడైందో చూసినవాళ్ళకి ఇది వరమే. అయినా నేను జేమ్స్‌తో ఒంటరిగా ఉండాల్సిన సమయం చాలావరకు ఇనుప పైపు తిప్పడానికే పోయింది. మంచి గేమ్, నాకు నచ్చింది. అసలుదానికి మాత్రం సాటి కాదు.

డిస్క్‌డబ్బా:
బాగుందా లేదా అన్నది ఎవరి ఇష్టం వాళ్ళది. పాతది పక్కన ఉండాలి కదా, పోల్చి చూసుకోవడానికి! నాకు మండేది అక్కడే. 2020 జనవరిలో వార్‌క్రాఫ్ట్ 3 రీఫోర్జ్‌డ్ వచ్చింది. ఆటగాళ్ళ జట్లు (క్లాన్లు), గెలుపోటములతో ర్యాంకులిచ్చే లాడర్ విడుదల రోజున లేవు. కొత్తది కొననివాళ్ళు కూడా ఆన్‌లైన్‌లో ఆడాలంటే కొత్త ప్రోగ్రామే (క్లయింట్) దిక్కయింది. డబ్బులు వాపసు ఇచ్చారు గానీ పాత అనుభవాన్ని ఎవరిస్తారు?

2021లో జీటీఏ ట్రైలజీ కూడా అంతే. ముందు పాత మూడు గేమ్‌లనూ అమ్మకం నుంచి తీసేశారు. ఆ మూడింట్లో ఒకటైన శాన్ ఆండ్రియాస్ కొత్త వెర్షన్‌లో, విడుదలైనప్పుడు, దూరాన ఉండే పొగ లేదు. ఆ పొగ వల్లే అంత చిన్న మ్యాప్ ఒక రాష్ట్రమంత అనిపించేది. అది పోయేసరికి కొండెక్కితే మ్యాప్ ఎంత చిన్నదో తెలిసిపోయేది. సేవ్‌రూమ్ చెప్పిందే ఇది. గోల పెరిగాక కంపెనీ క్షమాపణ చెప్పి, పీసీలో పాతవాటిని తిరిగి పెట్టింది.

అమెరికాలో 2010కి ముందు విడుదలైన గేమ్‌లలో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. ఇలాంటి పరిస్థితిలో ఉన్నదాన్ని కూడా తీసేయడం ఘోరం. 2021 డయాబ్లో 2 రిజరెక్టెడ్‌లో ఒక్క కీ నొక్కితే పాత బొమ్మ కళ్ళముందుంటుంది, లోపల నడిచేదీ పాత ఆటే. 2024 టూంబ్ రైడర్ రీమాస్టర్లలోనూ (పాత ఆటకే కొత్త మెరుగులు దిద్దినవి) పాత బొమ్మ, పాత కంట్రోల్స్ రెండూ ఉన్నాయి. చేయాలనుకుంటే చేయొచ్చు!

పిక్సెల్‌పిచ్చి:
అవి రీమాస్టర్లు అన్నా, మొదటినుంచి కట్టిన రీమేక్‌లో ఆ బటన్ కుదరదు. పాతదాన్ని విడిగా అమ్మమని అడుగు, నీతో నేనూ ఉంటా.

కొత్తాటగాడు:
సరే, రెండూ ఆడి చూడాలంటే దేంతో మొదలుపెట్టాలి?

సేవ్‌రూమ్:
రెసిడెంట్ ఈవిల్ 2. 1998 నాటిది 2024లో జీఓజీ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్లో మళ్ళీ అమ్మకానికి వచ్చింది, దొరకదన్న బాధ లేదు. ముందు అందులో లియోన్, క్లేర్ కథలు వరుసగా ఆడు. మొదటి పాత్రతో పోలీస్ స్టేషన్ ఆయుధాల గదిలో మెషిన్ గన్ తీసుకుంటే, రెండో పాత్ర వచ్చేసరికి అది ఉండదు. తర్వాత 2019 రీమేక్‌లోనూ అలాగే రెండు కథలూ ఆడు. వెంటాడే రాక్షసుడు మిస్టర్ ఎక్స్ అడుగుల చప్పుడు పైఅంతస్తు నుంచి వినిపిస్తుంటే గుండె ఆగుతుంది, అది పాతదాంట్లో లేదు. కానీ రెండు కథల మధ్య ఆ లంకె ఎంత పలచబడిందో గమనించు. ఆడాక ఇక్కడే రాయి, ఏది ఎక్కువ వెంటాడిందో నీ నోటితో వినాలనుంది.