లరేడో నుంచి అహిహిక్‌కి సొంత కారులో: పర్మిట్, రూటు, ఇల్లు గురించి సలహా కావాలి

చపాలా_దారిలో

అందరికీ నమస్కారం. నేనూ మా ఆవిడా రిటైరయ్యాం, ఇద్దరం అమెరికా పౌరులం. మెక్సికన్ కాన్సులేట్‌లో టెంపరరీ రెసిడెంట్ వీసా పాస్‌పోర్టులో అంటించి ఇచ్చారు. అక్టోబరు రెండో వారంలో టెక్సస్‌లోని లరేడో దగ్గర బోర్డర్ దాటి, మెక్సికోలో చపాలా సరస్సు ఒడ్డున ఉన్న అహిహిక్‌లో అద్దె ఇంట్లో దిగాలని ప్లాను. కారు 2019 మోడల్, టెక్సస్ నంబరు, టైటిల్ (యాజమాన్య పత్రం) నా ఒక్కడి పేరున ఉంది. లోన్ ఇంకా కొంత మిగిలింది.

కారు పర్మిట్ ఎలా తీసుకోవాలి? ఏ దారిన వెళ్తే మంచిది, రాత్రికి ఎక్కడ ఆగాలి? ఇంట్లో కరెంటు, గ్యాస్ విషయాల్లో ముందే తెలుసుకోవాల్సినవి ఏమిటి? ఇంకొకటి, ఇండియా నుంచి మా అక్కయ్య, బావగారు డిసెంబరులో అమెరికా వస్తున్నారు. వాళ్లు మెక్సికో రావాలంటే వేరే వీసా కావాలా?

---

లేక్‌సైడ్_తెలుగు

నమస్తే సర్. కారు కాగితం మీ వీసా కాగితానికి ముడిపడి ఉంటుంది. ఇక్కడ కార్లు ఇరుక్కునేది ఎక్కువగా ఈ ముడి తెలియకే. అందుకే ముందు మీ ఎంట్రీ సంగతి చూద్దాం.

పాస్‌పోర్టులో ఉన్నది రెసిడెంట్ కార్డు కాదు, కార్డు తీసుకోవడానికి ఇచ్చిన ఒక్క ఎంట్రీ అనుమతి. రోడ్డు బోర్డర్ దగ్గర మిమ్మల్ని ఎవరూ ఆపరు, నేరుగా ఊళ్లోకి వెళ్లిపోవచ్చు. అలా పోకండి. మీరే ఇమ్మిగ్రేషన్ కిటికీ వెతుక్కుని వెళ్లి, వీసా పేజీ తెరిచి చూపించి, 'కాన్హె (అంటే వీసాను కార్డుగా మార్చుకోవడానికి), 30 రోజులు' అని రాయించుకోవాలి. అలవాటు కొద్దీ ఆఫీసరు టూరిస్టుగా 180 రోజులు రాసేస్తే, చేతికొచ్చిన వీసా పనికిరాకుండా పోతుంది. మళ్లీ కాన్సులేట్ నుంచి మొదలుపెట్టాలి. కిటికీ దగ్గర నుంచి కదలకముందే ఇద్దరి కాగితాలూ చదువుకోండి.

ఆ తర్వాత అదే ఆవరణలో బాన్‌హెర్సితో అనే ప్రభుత్వ బ్యాంకు కౌంటరులో కారు పర్మిట్. పాస్‌పోర్టు, ఇమ్మిగ్రేషన్ కాగితం, రిజిస్ట్రేషన్, టైటిల్, డ్రైవింగ్ లైసెన్స్, అన్నిటికీ జిరాక్సులు. లోన్ ఉంది కాబట్టి, ఈ కారును మెక్సికో తీసుకెళ్లడానికి అభ్యంతరం లేదని అప్పిచ్చినవాళ్లు లెటర్‌హెడ్ మీద వీఐఎన్ (కారు గుర్తింపు) నంబరుతో ఇచ్చిన ఉత్తరం కూడా ఉండాలి. ఆ ఉత్తరం రావడానికి వారాలు పట్టొచ్చు, ఇవాళే అడగండి. పర్మిట్ ఫీజు కాకుండా డిపాజిట్ కట్టాలి: 2007, ఆ తర్వాతి మోడళ్లకు 400 డాలర్లు, 2001 నుంచి 2006 వరకు 300, అంతకు ముందువాటికి 200. బ్యాంకు కార్డుతో కడితే అదే కార్డుకు తిరిగొస్తుంది. కాబట్టి గడువు దగ్గరపడిన కార్డు వాడొద్దు.

ఇప్పుడు అసలు చిక్కు. మీ ఎంట్రీ 30 రోజులకే కాబట్టి పర్మిట్ కూడా 30 రోజులకే ఇస్తారు. అహిహిక్ చేరిన వారంలోనే ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో రెసిడెంట్ కార్డుకు అర్జీ పెట్టండి. కార్డు రాగానే, దాని నకలూ పర్మిట్ నకలూ జతచేసి, 'పర్మిట్ గడువును కార్డు గడువుదాకా పొడిగించండి' అని కస్టమ్స్‌కు, అంటే అదువానాకు, స్పానిష్‌లో ఉత్తరం ఇవ్వాలి. గ్వాడలహారా ఎయిర్‌పోర్టు దగ్గర వాళ్ల ఆఫీసు ఉంది. కారు అద్దం మీద అంటించే పర్మిట్ స్టిక్కరు మారదు, పాత తేదీయే ఉంటుంది. అందుకని అదువానా ముద్ర కొట్టి ఇచ్చిన ఉత్తరం కాపీ ఎప్పుడూ కారులో ఉండాల్సిందే. దారిలో పోలీసు చూసేది స్టిక్కరు తేదీనే. కార్డు రెన్యూ చేసినప్పుడల్లా ఈ ఉత్తరం మళ్లీ ఇవ్వాలి. ఇది మర్చిపోతే డిపాజిట్ పోతుంది, కారు కూడా చట్టవిరుద్ధంగా ఉన్నట్టు లెక్క.

మామూలుగా నాలుగేళ్లకు పర్మనెంట్ రెసిడెన్సీకి మారతారు. పర్మనెంట్ వాళ్లకు విదేశీ నంబరు కారు ఉంచుకునే వీల్లేదు. ఆలోపే కారును బోర్డర్ దాటించి పర్మిట్ రద్దు చేయించుకోవాలి. స్టిక్కరు మీరు పీకకండి, కౌంటరువాళ్లనే తీయనివ్వండి, రద్దు రసీదు దాచుకోండి.

ఇన్సూరెన్స్: అమెరికా పాలసీని ఇక్కడ లెక్కలోకి తీసుకోరు. మెక్సికన్ పాలసీయే కావాలి, అందులో లాయరు సాయం తప్పనిసరిగా ఉండాలి. ప్రమాదంలో ఎవరికైనా దెబ్బలు తగిలితే, పరిహారానికి హామీ దొరికేదాకా డ్రైవరును నిర్బంధించే అధికారం వాళ్లకు ఉంది. ఏదైనా జరిగితే మొదటి ఫోను పాలసీ మీద ఉన్న నంబరుకే. వాళ్ల మనిషి వచ్చేదాకా అవతలివాళ్లతో ఏ ఒప్పందానికీ రావద్దు.

అక్కయ్యగారివాళ్లకు చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే, ఇండియన్ పాస్‌పోర్టు అయినా మెక్సికో వీసా అక్కర్లేదు. ఎన్ని రోజులు ఇవ్వాలన్నది ఆఫీసరు ఇష్టం, గరిష్ఠం 180. తిరిగి అమెరికా వెళ్లాలి కాబట్టి ఆ వీసా మల్టిపుల్ ఎంట్రీదేనా అన్నది చూసుకోమనండి.

---

హైవే_57

రోడ్డు సంగతి నేను చెప్తాను.

లరేడో ఊరి మధ్య వంతెనలు కాకుండా, వాయవ్యంగా ఉన్న కొలంబియా వంతెన ఎక్కండి. మధ్య వంతెనలు దిగితే నువో లరేడో, అది తమౌలిపాస్ రాష్ట్రం, అక్కడ నేరాల భయం ఎక్కువ. కొలంబియా దిగితే నువో లియోన్ రాష్ట్రం. ఇమ్మిగ్రేషన్, బాన్‌హెర్సితో ఒకేచోట ఉంటాయి, రద్దీ తక్కువ, ఊరి ట్రాఫిక్‌లో పడక్కర్లేదు. కొంచెం చుట్టయినా అదే మేలు. ముందురోజు రాత్రి లరేడోలోనే పడుకుని తెల్లవారుతూనే దాటండి.

అక్కణ్నుంచి మాంటెరే వైపు 85డి హైవే, మాంటెరేను బైపాస్‌లో దాటి 40డి మీద సాల్తియో, తర్వాత 57 పట్టుకుని మతేవాలా. మొదటి రాత్రి మజిలీ అదే. రెండో రోజు సాన్ లూయిస్ పొతోసీ, లాగోస్ దె మొరేనో, 80డి మీదుగా గ్వాడలహారా శివార్లు, చపాలా. సాల్తియో దగ్గర లోస్ చోరోస్ ఘాట్‌లో ట్రక్కుల ప్రమాదాలు మాటిమాటికీ అవుతుంటాయి, పొగమంచు కూడా. అక్కడ ఓవర్‌టేక్ జోలికి పోవద్దు.

గడియారంతో జాగ్రత్త. మెక్సికో 2022లో డేలైట్ సేవింగ్ ఎత్తేసింది, బోర్డర్ పట్టీలో మాత్రం అమెరికా టైమే నడుస్తుంది. అక్టోబరులో మీరు మాంటెరే చేరేసరికి టైము గంట వెనక్కి జరుగుతుంది. మతేవాలాలో సాయంత్రం ఆరుంపావుకల్లా సూర్యుడు దిగిపోతాడు. లరేడో టైములో లెక్కేసుకుని 'ఇంకా వెలుగుంది' అనుకుంటే చీకట్లో పడతారు. రాత్రి డ్రైవింగ్ వద్దనేది దొంగల భయంతో మాత్రమే కాదు. రోడ్డు మీద పశువులు, లైట్లు లేని బండ్లు, రంగు వెలిసిపోయిన తోపెస్. ఈ స్పీడ్‌బ్రేకర్లు కొన్ని కారు అడుగు తగిలేంత ఎత్తుంటాయి. ఊరు మొదట్లో, చివర్లో, బడి దగ్గర బోర్డు లేకపోయినా ఉంటుందనే అనుకోండి.

క్వోతా అంటే టోల్ రోడ్డు, లీబ్రె అంటే ఉచితం. రెండూ పక్కపక్కనే పోతున్నచోట క్వోతాయే తీసుకోండి. చాలా బూత్‌ల దగ్గర విదేశీ కార్డులు పనిచేయవు, పెసోల నగదు కావాలి. రెండు మూడు వేల పెసోలు చిన్న నోట్లలో దగ్గర ఉంచుకోండి. టోల్ రసీదు పారేయకండి, ఆ రోడ్డు మీద వర్తించే బీమాకు అదే ఆధారం. బండి ఆగిపోతే 078కి చేయండి, ఆంహెలెస్ వెర్దెస్ అనే ప్రభుత్వ ఆకుపచ్చ ట్రక్కులు వస్తాయి. మిగతా అత్యవసరాలకు 911.

పెట్రోలు బంకులో ఆకుపచ్చ గొట్టం మాగ్నా, అంటే మామూలు పెట్రోలు, ఎర్రది ప్రీమియం, నల్లది డీజిల్. మీటరు సున్నా చూశాకే పోయనివ్వండి. 

ముందున్న ట్రక్కు ఎడమ సిగ్నల్ వేస్తే 'దాటి వెళ్లు' అని కావచ్చు, తానే ఎడమకు తిరుగుతుండొచ్చు కూడా. ఎడమ పక్క రోడ్డేమీ లేదని కళ్లతో చూశాకే కదలండి.

తుపాకీ సంగతి సరే, సీటు కింద పాత తూటా ఒక్కటి దొరికినా జైలే. టెక్సస్ కారు కదా, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్‌లో కొన్నదైతే సీట్లూ డిక్కీ ఖాళీచేసి వెతకండి. ఈ-సిగరెట్లు కూడా తేకూడదు.

---

చపాలా_దారిలో

చాలా థ్యాంక్సండీ. లోన్ ఉత్తరానికి ఇవాళే రాశాను. నేను కాకుండా మా ఆవిడ గానీ బావగారు గానీ కారు నడపొచ్చా? ఇంటి సంగతి కూడా ఎవరైనా చెప్తే బాగుంటుంది.

---

తినాకో_పైన

పర్మిట్ ఉన్నవారి భార్య నడపొచ్చు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు నిబంధనల్లో ఉన్నారు కాబట్టి అక్కయ్యగారికీ ఫరవాలేదు. బావగారైతే మీరు పక్కన కూర్చున్నప్పుడే నడపడం క్షేమం. అక్కడి డ్రైవరును పెట్టుకున్నా అంతే, మెక్సికో పౌరుడు స్టీరింగ్ పట్టినప్పుడు మీరు బండిలో ఉండాల్సిందే. ఎవరు నడిపినా వాళ్లకు ఇన్సూరెన్స్ వర్తిస్తుందో లేదో కంపెనీని ముందే అడగండి.

ఇంటి విషయానికొస్తే, కరెంటు బిల్లు రెండు నెలలకోసారి వస్తుంది. చపాలా వైపు సగటు వాడకం నెలకు 250 యూనిట్లు దాటితే 'డాక్' అనే సబ్సిడీ లేని రేటులో పడేస్తారు. ఆ సగటు పన్నెండు నెలల మీద లెక్కేస్తారు కాబట్టి, వాడకం తగ్గించినా బయటపడటానికి నెలలు పడుతుంది. అద్దెకు దిగేముందు ఇంటాయన్ని పాత బిల్లు అడిగి, తారీఫా (రేటు) అన్నచోట 1, అంటే సబ్సిడీ రేటు, ఉందా డాక్ ఉందా చూడండి. పాత కిరాయిదారు వాడకం మీ నెత్తిన పడుతుంది. ఎలక్ట్రిక్ గీజరు, ఇండక్షన్ పొయ్యి పెట్టుకోవద్దు. అక్కడ ఈ పనులకు గ్యాసే.

గ్యాస్ ట్యాంకు మేడ మీద ఉంటుంది, సాధారణంగా 300 లీటర్లది. ట్రక్కు రాకముందే మీరు పైకెక్కి గేజీ ఫోటో తీసుకోండి. 20 శాతం నుంచి 80కి నింపితే 180 లీటర్లు. ట్రక్కు మీటరు స్లిప్పులో 220 అని వస్తే ఫోటో చూపించి అడగండి. 85 శాతం దాటి నింపనివ్వకండి, ఎండకు గ్యాస్ వ్యాకోచించడానికి ఖాళీ ఉండాలి.

కుళాయి నీళ్లు తాగొద్దు, 20 లీటర్ల గర్రఫోన్ డబ్బాలు ఇంటికి తెచ్చిస్తారు. ఏటీఎంలో 'కన్వర్షన్ అంగీకరిస్తారా' అని అడిగితే వద్దు అనే నొక్కండి. డబ్బు అయినా వస్తుంది, రేటు మీ బ్యాంకుది పడుతుంది.