బొచ్చు రాలని పోర్చుగీస్ వాటర్ డాగ్‌ని రెస్క్యూ నుంచి తెచ్చుకోవాలా, వద్దా?

ఎడిసన్‌అమ్మ:
అందరికీ నమస్కారం. మేం న్యూజెర్సీలో టౌన్‌హోమ్‌లో ఉంటాం. బాబుకి తొమ్మిదేళ్ళు. రెండేళ్ళుగా కుక్క కావాలని ఒకటే గొడవ. కానీ స్నేహితుడి ఇంట్లో లాబ్రడార్‌తో ఆడి వస్తే చాలు, తుమ్ములు, కళ్ళు ఎర్రబడటం. అందుకే బొచ్చు రాలని జాతుల కోసం వెతికాం. గంటన్నర దూరంలో ఒక రెస్క్యూ (ఇల్లు లేని కుక్కల్ని చేరదీసి కొత్త ఇళ్ళకి దత్తత ఇచ్చే సంస్థ) దగ్గర నాలుగేళ్ళ ఆడ పోర్చుగీస్ వాటర్ డాగ్ ఉంది. పాత యజమానులు టైమ్ చాలక ఇచ్చేశారట. ఫారంలో ఐదడుగుల ఫెన్స్ ఉందా, రోజుకి ఎన్ని గంటలు ఇంట్లో ఎవరూ ఉండరు అని అడిగారు. మాకు ఫెన్స్ లేదు, వెనకున్నది హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళ స్థలం. పెంచినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

తాటిబెల్లం:
ఒబామా వాళ్ళు పెంచింది ఇదే. వాళ్ళ పెద్దమ్మాయికి అలర్జీ ఉందనే ఈ జాతిని ఎంచుకున్నారు. ధైర్యంగా తెచ్చుకోండి.

గోదారిగట్టు:
జాతి మంచిదే, మా ఇంట్లో మూడేళ్ళుగా ఉంది. రెస్క్యూ జోలికి మాత్రం వెళ్ళకండి. మేం ముందు అక్కడికే వెళ్ళాం. పన్నెండు పేజీల ఫారం. జీతం, ఇంటి ఫొటోలు, ముగ్గురు పరిచయస్తుల నంబర్లు. మా అమ్మ తణుకు నుంచి వచ్చి ఆరు నెలలు ఉంటుందని రాస్తే మూడుసార్లు ఫోన్ చేశారు. ఆవిడకి కుక్కలంటే భయమా, ఆవిడ ఉన్నన్నాళ్ళూ కుక్క ఎక్కడ పడుకుంటుంది అని. చివరికి రెండు లైన్ల ఈమెయిల్, మీ ఇల్లు సరిపడదని. మా పాప అప్పటికే పేరు పెట్టేసుకుంది. నెలరోజులు ఏడ్చింది. తర్వాత బ్రీడర్ దగ్గర, అంటే జాతి కుక్కపిల్లల్ని పెంచి అమ్మేవాళ్ళ దగ్గర, తీసుకున్నాం. మనుషుల్లా మాట్లాడారు.

మంజీర:
నేను ఆరేళ్ళుగా రెస్క్యూ కుక్కల్ని ఇంట్లో ఉంచుకుని, ఇల్లు దొరికాక పంపిస్తుంటాను. ఈ జాతివి మూడు వచ్చాయి. అమ్మా, ముందు అలర్జీ సంగతి. అలర్జీ తెప్పించేది బొచ్చు కాదు. కుక్క చొంగలో, చర్మపు పొట్టులో, మూత్రంలో ఉండే ప్రోటీన్లు. బొచ్చు రాలకపోయినా అవి ఉంటాయి. 2011లో డెట్రాయిట్ హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి పరిశోధకులు అలర్జీ తక్కువని పేరున్న కుక్కలు ఉన్న ఇళ్ళలోనూ, మామూలు కుక్కలు ఉన్న ఇళ్ళలోనూ నేల మీది దుమ్ము పరీక్షిస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. బాబుని ఆ కుక్క దగ్గరే, ఒకసారి కాదు, రెండు మూడుసార్లు కూర్చోబెట్టాలి. దానికన్నా ముందు అలర్జీ డాక్టర్ని అడగండి.

ఇక బొచ్చు. కింద రాలాల్సిన వెంట్రుకలు మిగతా బొచ్చులోనే చిక్కుకుంటాయి. వారానికి నాలుగు రోజులు దువ్వకపోతే జడలు కట్టి చర్మాన్ని లాగుతాయి. బొచ్చు కత్తిరించే గ్రూమర్‌కి ఆరేడు వారాలకోసారి నేను 110 డాలర్లు ఇస్తున్నాను. ఇల్లు ఊడ్చే పని తగ్గుతుంది, దువ్వే పని పెరుగుతుంది.

గోదారిగట్టు:
ఒబామాది కూడా రెస్క్యూ కాదు, బ్రీడర్ కుక్కే. అంతటివాళ్ళే బ్రీడర్ కుక్కని తీసుకున్నారు. మనల్ని మాత్రం తప్పుచేసినట్టు చూస్తారు.

తాటిబెల్లం:
అది ముందు ఇంకొకళ్ళ ఇంట్లో ఉందని చదివాను.

మంజీర:
ఉంది. మొదట తీసుకున్నవాళ్ళు ఉంచుకోలేకపోతే మళ్ళీ బ్రీడర్ దగ్గరికి వచ్చింది. 2009 ఏప్రిల్‌లో సెనేటర్ ఎడ్వర్డ్ కెన్నెడీ దాన్ని ఒబామా పిల్లలకి బహుమతిగా ఇచ్చారు. బో అని పేరు పెట్టారు. 2013లో ఇదే జాతిది రెండో కుక్క, సనీ, వాళ్ళింటికి వచ్చింది. ఒకసారి ఇల్లు మారిన కుక్కే బో కూడా.

గోదారిగట్టు:
ఇల్లు మారడం వేరు, రెస్క్యూ వేరు. బ్రీడర్ వెనక్కి తీసుకున్నాడు. అదే బాధ్యత. మా కాంట్రాక్టులో కూడా రాసుంది, ఎప్పుడు పెంచలేకపోయినా కుక్కని వాళ్ళకే ఇవ్వాలి తప్ప ఇంకెవరికీ ఇవ్వకూడదని. మంచి బ్రీడర్ ఉంటే రెస్క్యూ అవసరమే రాదు.

మంజీర:
మంచి బ్రీడర్లు లేరని నేను అనలేదు. అందరూ అలా తీసుకుంటే మా ఇంటి బేస్‌మెంట్‌లో ఇప్పుడు రెండు కుక్కలు ఎందుకున్నాయి?

శంకరపల్లి:
రోజుకెంత నడిపించాలి? అది చెప్పండి, మిగతాది తర్వాత.

మంజీర:
నడిపిస్తే చాలదు. పోర్చుగల్ దక్షిణాన ఆల్గార్వె తీరంలో బెస్తవాళ్ళ పడవల మీద పనిచేసిన జాతి ఇది. చేపల్ని వలవైపు తోలడం, నీళ్ళలో పడ్డ వలలూ తాళ్ళూ నోట కరుచుకుని తేవడం, ఒక పడవ నుంచి ఇంకో పడవకి కబురు మోయడం దాని పని. వేళ్ళ మధ్య చర్మం కూడా ఈతకి తగ్గట్టే ఉంటుంది. మోటారు పడవలు, రేడియోలు వచ్చాక ఆ పని పోయింది, జాతే అంతరించేదాకా వచ్చింది. 1930ల్లో వాస్కో బెన్సౌడె అనే లిస్బన్ సంపన్నుడు లియావ్ అనే పడవ కుక్కని సంపాదించి మళ్ళీ పెంచడం మొదలుపెట్టాడు. అలాంటిది మనింట్లో రోజుకి గంటకు పైగా పరుగో ఈతో లేకపోతే సోఫా దిండు నోట కరుచుకుంటుంది. నోటితో పట్టుకోవడం దాని నైజం, పొగరు కాదు. ఈత కొట్టాక చెవులు ఆరబెట్టకపోతే ఇన్ఫెక్షన్ ఖాయం. ఇవన్నీ చేసేవాళ్ళకి ఇంతకన్నా తెలివైన తోడు దొరకదు. నా ఉద్దేశంలో ఫెన్స్ కన్నా ఈ గంట ముఖ్యం.

గోదారిగట్టు:
మరి మమ్మల్ని ఫెన్స్ గురించి, మా అమ్మ గురించి ఎందుకు అడిగారు? పరుగు గురించి ఒక్క ప్రశ్న లేదు.

మంజీర:
అమ్మ గురించి ఎందుకు అడుగుతారో నాకు తెలుసు. మూడేళ్ళ కిందట ఒక మగకుక్కని మన తెలుగువాళ్ళింటికే పంపాను. ఏడాది బాగా చూసుకున్నారు. ఇండియా నుంచి పెద్దవాళ్ళు వచ్చారు, పూజగది, వంటిల్లు అన్నారు. కుక్క గరాజ్‌లోకి వెళ్ళింది. నాలుగు నెలలు. తిరిగి నా దగ్గరికి వచ్చేసరికి బొచ్చంతా చాపలా అల్లుకుపోయి ఉంది. ఒళ్ళంతా గుండు గీయాల్సి వచ్చింది. తలుపు చప్పుడైతే వణికేది.

గోదారిగట్టు:
అంటే మా అమ్మ కుక్కని గరాజ్‌లో పెట్టిస్తుందని ముందే తీర్పు ఇచ్చేశారా? ఎవరో చేసిన పనికి మా ఇంటికి శిక్షా? మా అమ్మ ఇప్పుడు పెరుగన్నం కలిపి తన చేత్తో పెడుతుంది దానికి. మీలాంటివాళ్ళకి మనవాళ్ళంటేనే చిన్నచూపు.

మంజీర:
మనవాళ్ళనే కాదు, అందరినీ అడుగుతాం. గరాజ్‌లో వణికిన కుక్కని ఒళ్ళో పెట్టుకున్నది నేను. అడగకుండా ఎలా ఉంటాను?

కృష్ణలంక:
ఇద్దరూ ఆగండి. పాపం, ఆవిడ అడిగింది వేరు.

ఎడిసన్‌అమ్మ:
నిన్నటి నుంచి చదువుతున్నాను. ఒక మాట ముందే చెప్పాల్సింది. మావారు ఒప్పుకున్నది ఒక షరతు మీద: బాబుకి పడకపోతే తిరిగి ఇచ్చేద్దామని. రెస్క్యూది కాబట్టి వెనక్కి తీసుకుంటారు కదా అన్నారు. నాకూ అదే ధైర్యం. కొనుక్కుంటే ఆ వీలు ఉండదేమో అనిపించింది. అది తప్పా?

గోదారిగట్టు:
తప్పే. క్షమించండి. ఒకసారి ఇల్లు పోగొట్టుకున్న జీవాన్ని పడితే ఉంచుకుందాం, లేకపోతే ఇచ్చేద్దాం అని తేవడం ఏమిటి? దానికేం తెలుసు మనం పరీక్ష పెడుతున్నామని? మా పాపకి మొదటి రెండు నెలలు దద్దుర్లు వచ్చాయి. మందులు వాడాం, పడకగదిలోకి కుక్కని రానివ్వలేదు, గాలి శుభ్రం చేసే యంత్రం పెట్టాం. ఇచ్చేద్దామన్న మాట ఇంట్లో ఎవరూ అనలేదు.

మంజీర:
ఇక్కడ నేను మీతో ఏకీభవించను. పిల్లాడికి ఉబ్బసం మొదలైతే కుక్క వెళ్ళాల్సిందే, అందులో పాపం లేదు. కానీ అమ్మా, ఆ మాట రెస్క్యూ వాళ్ళకి ముందే చెప్పండి. చాలాచోట్ల కొన్ని వారాలు ఇంట్లో ఉంచుకుని చూసి, ఆ తర్వాత దత్తత పూర్తిచేసే పద్ధతి ఉంది. అప్పుడు దాని పాత చోటు ఖాళీగా ఉంచుతారు. చెప్పకుండా తెచ్చుకుని మూడు నెలలకి ఫోన్ చేస్తే, దానికి చోటు వెతకడం మాకు ఎంత కష్టమో మీకు తెలియదు.

గోదారిగట్టు:
మీకు కుక్కకి చోటు దొరకడం ముఖ్యం. నాకు ఒకసారి మాటిచ్చాక నిలబడటం ముఖ్యం. మన తేడా ఇదీ. ఫెన్స్ కాదు, మా అమ్మా కాదు.

మంజీర:
అవును, అదే. మాటిచ్చి నిలబడలేనివాళ్ళ కుక్కలే నా దగ్గరికి వస్తాయి. అందుకే నేను మాట నమ్మను, అడుగుతాను.

ఎడిసన్‌అమ్మ:
గురువారం అలర్జీ డాక్టర్ దగ్గరికి, శనివారం కుక్కని చూడటానికి వెళ్తున్నాం. మావారూ వస్తున్నారు. షరతు సంగతి ఆయన్నే వాళ్ళతో చెప్పమన్నాను. పొద్దున్నే బాబుతో పాటు గంట పరుగెత్తేది ఎవరో కూడా ఇంట్లో తేలాలి. ఇప్పటిదాకా దాని గురించి మాట్లాడుకోనే లేదు.

గోదారిగట్టు:
ఫారంలో ఫెన్స్ దగ్గర లేదు అనే రాయండి. నేను కట్టిస్తున్నాం అని రాశాను. అప్పటికి మేం ఎవరినీ అడగనే లేదు. వాళ్ళు వచ్చి చూశారు.