రాత్రి మూడు నాలుగు సార్లు యూరిన్‌కి లేవాల్సి వస్తోంది, ప్రోస్టేటేనా?

సగం_నిద్ర:
వయసు యాభై దాటింది. కొన్ని నెలలుగా రాత్రి పడుకున్నాక మూడు నాలుగు సార్లు లేవాల్సి వస్తోంది. పగలు పెద్ద ఇబ్బందేం లేదు, రెండు మూడు గంటలు కదలకుండా కూర్చోగలను. మంట లేదు, రక్తం పడటం లేదు. ధార కుర్రతనంలో ఉన్నంత జోరుగా లేదు గానీ ఆగి ఆగి రావడం మాత్రం లేదు. ఇంట్లో వాళ్లు ప్రోస్టేటే అని తేల్చేశారు, ఇక ఆపరేషన్ అంటారేమోనని నాకు టెన్షన్. ఫ్రెండ్ ఒకడు నీళ్లు తగ్గించెయ్ అన్నాడు, తగ్గిస్తే నోరెండిపోవడం తప్ప ఒరిగిందేమీ లేదు. బీపీకి మాత్ర వాడుతున్నాను, షుగర్ టెస్ట్ చేయించుకుని చాలా కాలమైంది. ఇది డాక్టర్ దాకా వెళ్లే విషయమేనా, కొన్నాళ్లు చూడొచ్చా?

వార్డు_నర్సు:
యూరాలజీ వార్డులో పని చేస్తాను, డాక్టర్ని కాదు. వెళ్లాల్సిన విషయమే, కానీ రాత్రికి రాత్రి పరిగెత్తాల్సిన పని లేదు. వెళ్లే ముందు ఒక పని చేయండి. ఎన్నిసార్లు లేచారన్నది అందరూ చెబుతారు, ప్రతిసారీ ఎంత పోశారన్నది ఎవరూ చెప్పరు, అసలు సంగతి తెలిసేది అక్కడే. కొలత గీతలున్న ప్లాస్టిక్ జగ్గు ఒకటి బాత్రూమ్‌లో పెట్టుకుని మూడు రోజుల పాటు టైము, ఎన్ని మి.లీ. వచ్చింది, మధ్యలో ఏం తాగారు, ఎంత తాగారు అన్నీ రాయండి. పొద్దున లేవగానే పోసేది కూడా రాత్రి లెక్కలోకే వస్తుంది, ఎందుకంటే అది రాత్రంతా తయారైనదే. పడుకోబోయే ముందు పోసింది మాత్రం పగటి లెక్క.

పెద్దవాళ్ల బ్లాడర్ మామూలుగా 400 నుంచి 500 మి.లీ. దాకా పట్టగలదు. లేచిన ప్రతిసారీ 100, 150 మాత్రమే వస్తుంటే బ్లాడర్ నిండకుండానే తొందరపెడుతోందనో, ప్రోస్టేట్ (మగవాళ్లలో బ్లాడర్ కింద ఉండే గ్రంథి) అడ్డుపడి సరిగ్గా ఖాళీ అవ్వడం లేదనో అనుమానించాలి. అలాకాక ప్రతిసారీ 300, 400 వస్తుంటే బ్లాడర్‌ని తిట్టి లాభం లేదు, కిడ్నీలే రాత్రిపూట ఎక్కువ తయారు చేస్తున్నాయి. రోజు మొత్తంలో మూడో వంతుకు మించి రాత్రి లెక్కలోనే ఉంటే మీ వయసువాళ్లలో దాన్ని ఎక్కువ కిందే చూస్తారు. రాత్రీ పగలూ కలిపి 3 లీటర్లు దాటుతోందంటే మాత్రం ముందు షుగర్ చూడాలి. మీరు నోరెండిపోతోందని రాశారు కాబట్టి జగ్గు లెక్కతో పని లేకుండా అది ఎలాగూ చేయించుకోండి.

ఇంకో రెండు విషయాలు. సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయా? వాస్తే, పడుకున్నాక ఆ నీరంతా మళ్లీ రక్తంలోకి చేరి యూరిన్‌గా బయటికి వస్తుంది. కొన్ని బీపీ మాత్రలకు, ఆమ్లోడిపిన్ లాంటివాటికి, ఈ వాపు రావడం మామూలే. గట్టిగా గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టవుతుంటే దానివల్ల కూడా రాత్రి యూరిన్ పెరుగుతుంది, అప్పుడు వైద్యం బ్లాడర్‌కి కాదు, ఆ గురకకి చేయాలి.

గట్టిగా_చెప్తా:
నర్సు గారు నెమ్మదిగా చెప్పారు, ఆగకూడనివి నేను చెప్తాను. రక్తం ఒక్కసారి పడి మళ్లీ కనపడకపోయినా, నొప్పి అస్సలు లేకపోయినా, చూపించుకోవాల్సిందే, నొప్పి లేకుండా పడే రక్తమే బ్లాడర్ క్యాన్సర్‌కి మొదటి గుర్తు కావచ్చు, సిగరెట్ అలవాటుంటే ఇంకా జాగ్రత్త. ముందురోజు బీట్‌రూట్ తిన్నా, టీబీ మందు రిఫాంపిసిన్ వాడుతున్నా రంగు మారుతుంది, నిజమే, కానీ ఆ సాకు పెట్టుకుని టెస్ట్ మానకండి. చలితో వణికిస్తూ జ్వరం వచ్చి నడుముకి ఒక పక్క పట్టేస్తే ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా వెళ్లి ఉండొచ్చు, అదే రోజు వెళ్లాలి. కడుపు కింద భాగం రాయిలా గట్టిపడి ఒక్క చుక్క కూడా రాకపోతే నేరుగా ఎమర్జెన్సీకే. అలాగే యూరిన్ బిగుసుకుపోయి తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, కాళ్లు బలహీనపడటం ఉంటే వెన్ను దగ్గర నరాలు నొక్కుకుంటున్నాయేమో, అదీ ఎమర్జెన్సీనే.

మా మామగారికి ప్రోస్టేట్ పెద్దదని తెలుసు, మందులతో బాగానే ఉండేవారు. జలుబు చేసిందని షాపులో మామూలు జలుబు మాత్ర కొని వేసుకున్నారు, తెల్లారేసరికి యూరిన్ పూర్తిగా ఆగిపోయింది. పొట్ట పట్టుకుని మంచం మీద కూర్చోలేరు, నిలబడలేరు, ట్యూబ్ వేసి తీసేదాకా మనిషి మనిషిలా లేరు. ముక్కు దిబ్బడ తగ్గించే మందు, తుమ్ములు ఆపే మందు రెండూ ప్రోస్టేట్ ఉన్నవాళ్లకి ఇలా చేయగలవని డాక్టర్ అప్పుడు చెప్పారు. ఇది డబ్బా మీద పెద్దక్షరాలతో రాయొచ్చు కదా!

మాటల_మల్లి:
మగవాళ్ల గోలేనా, మా సంగతి కూడా కాస్త చెప్పండి అక్కా. నాకు దగ్గినా, నవ్వినా కొంచెం లీక్ అవుతోంది, రెండో కాన్పు తర్వాత మొదలైంది. దానికి తోడు అప్పుడప్పుడూ మంట. మంట వచ్చినప్పుడు నీళ్లు బాగా తాగి పాత యాంటీబయాటిక్ మిగిలి ఉంటే వేసుకోమని మా అక్క అంటుంది.

వార్డు_నర్సు:
నీళ్లు సరే, మిగిలిన మాత్రలు వద్దమ్మా. సగం కోర్సు వేస్తే బ్యాక్టీరియా చావదు, పైగా తర్వాత కల్చర్ (యూరిన్‌లోని బ్యాక్టీరియాని ల్యాబ్‌లో పెంచి చూసే టెస్ట్) చేసినా ఏదీ పెరగకపోవచ్చు. మాటిమాటికీ వస్తోంది కాబట్టి మంట ఉన్నప్పుడే, మందు వేసుకోకముందే కల్చర్‌కి ఇవ్వండి. మొదట వచ్చేది వదిలేసి మధ్యలోది పట్టాలి. మన మూత్రనాళం పొడవు దాదాపు 4 సెంటీమీటర్లే, బ్యాక్టీరియా ఇట్టే పైకి ఎక్కేస్తుంది, అందుకే మగవాళ్లకంటే మనకే ఎక్కువ. గర్భంతో ఉంటే మాత్రం మంట కొద్దిగా ఉన్నా ఆలస్యం చేయకూడదు.

లీక్‌కి సిగ్గుపడి ప్యాడ్లతో నెట్టుకొచ్చేవాళ్లే ఎక్కువ. కటి కండరాల వ్యాయామం రోజూ చేస్తే, కనీసం మూడు నెలలు, చాలామందికి తగ్గుతుంది. గ్యాస్ బయటికి రాకుండా ఆపుకునేటప్పుడు బిగించే కండరమే అది. యూరిన్ పోస్తూ మధ్యలో ఆపడం మాత్రం రోజూ వ్యాయామంలా చేయొద్దు. ఫిజియో ఒకసారి చూపిస్తే బాగా అర్థమవుతుంది, చాలామంది ఆ కండరం బదులు పొట్ట బిగిస్తుంటారు.

సగం_నిద్ర:
జగ్గు లెక్క పూర్తయింది. నేనైతే కొద్దికొద్దిగానే వస్తోందనుకున్నాను, తీరా చూస్తే రాత్రి లేచిన ప్రతిసారీ 300కి తక్కువ లేదు, పొద్దున్నదైతే 400 గీత దాటేసింది. రోజు మొత్తంలో సగం రాత్రి ఖాతాలోనే ఉంది. సాయంత్రం సాక్స్ విప్పితే చీలమండ చుట్టూ గాడి పడుతోంది, ఇన్నాళ్లూ సాక్స్ ఎలాస్టిక్ టైటనుకున్నా. గురక సంగతి మా ఆవిడని అడిగితే నవ్వింది, అంతే. ఇప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలి, యూరాలజిస్టా?

వార్డు_నర్సు:
ముందు మీ బీపీ చూసే డాక్టర్ దగ్గరికే వెళ్లండి. ఆ కాగితం, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు తీసుకెళ్లి, పాదాల వాపు, గురక రెండూ మీరే చెప్పండి, వాళ్లు అడగకపోవచ్చు. షుగర్, కిడ్నీ టెస్టు, యూరిన్ టెస్టు రాస్తారు. బీపీ మాత్ర మీరే ఆపేయొద్దు, మార్చాలా, వేసుకునే టైము మార్చాలా అన్నది వాళ్లు చూస్తారు. ధార తగ్గిందన్న మాటా చెప్పండి, అవసరమైతే యూరాలజీకి వాళ్లే పంపిస్తారు. అందాకా సాయంత్రం ఓ గంటసేపు కాళ్లు ఎత్తులో పెట్టుకోండి, ఆ నీరు పడుకోకముందే కొంత దిగిపోతుంది. నీళ్లు మాత్రం పగలు మామూలుగానే తాగండి, పడుకునే ముందు రెండు గంటలు తగ్గిస్తే చాలు.