"శశి శర రంధ్ర…": రంధ్రం తొమ్మిదా, సున్నయా?

పద్యప్రియుడు: చదరంగపు గడుల్లో గింజలను రెట్టిస్తూ పోతే 61వ గడి నిండేసరికి పోగయ్యే మొత్తం 2305843009213693951 అనీ, అది ప్రధాన సంఖ్య అనీ చెబుతూ ఎవరో చదివిన చంపకమాల పాదమొకటి కొన్నాళ్ళుగా నన్ను వదలడం లేదు: "శశి శర రంధ్ర వహ్ని నవషట్క గుణేందు కరాంక ఖాభ్ర…". ఇందులో ఒక్కో మాట ఒక్కో అంకె: శశి ఒకటి, శరం ఐదు, అలా ఒకట్ల స్థానం నుంచి ఎడమకు. పాదం చివరి అక్షరమైన గురువు జారిపోయింది. ఇది గణితాన్ని తెలుగు పద్యాల్లో చెప్పిన పాత కవి పావులూరి మల్లనదేనా? తక్కిన పాదాలు ఎవరికైనా గుర్తున్నాయా?

లెక్కల మాస్టారు: మల్లనది కాదు. 61వ గడి దగ్గర ఆగడానికి ఆయనకు కారణం లేదు. 2 ఘాతం 61 నుంచి ఒకటి తీసివేయగా వచ్చేది ప్రధాన సంఖ్యేనని పెర్వూషిన్ 1883లో నిరూపించాడు. ఇలా ప్రధాన సంఖ్యలనిచ్చే ఘాతాలంటూ 1644లో మెర్సెన్ ఇచ్చిన జాబితాలో 61 అసలు లేదు. నా అనుమానమల్లా 'రంధ్ర' మీద. రంధ్రమంటే బోలు కనుక దానిని సున్నకు వాడినవారూ ఉన్నారు.

ఛందోభిమాని: దేహానికి నవరంధ్రాలన్న మాట మరిచారా? మల్లన పద్యమే చూడండి: "శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ-". రంధ్రం తొమ్మిది, దాని పక్కన వియత్తు సున్న. ఆ పద్యంలో ఏడుకు నగ, భూధర, గిరి అని మూడు కొండలను నిలబెట్టిన తీరు చూస్తే, 64 గడుల లెక్క అయిన 18446744073709551615 దానంతటదే పాటగా మారినట్టుంటుంది. శరంతో మొదలైంది కనుక ఒకట్ల స్థానంలో 5 పడి, అది ప్రధాన సంఖ్య కాకపోవడం వేరే మాట.

లెక్కల మాస్టారు: మల్లన వాడుక ఈ అజ్ఞాత కవికి సాక్ష్యం కాదు, లెక్కే సాక్ష్యం. అంకెలన్నీ కూడి తొమ్మిదులు తీసివేసి చూశాను. కానీ ఆ పరీక్షకు తొమ్మిదీ సున్నా ఒకటే.

పద్యప్రియుడు: అంత శ్రమ ఎందుకండీ? మొత్తానికి ఒకటి కలిపితే 2 ఘాతం 61 రావాలి కదా. రంధ్రం తొమ్మిదైతే చివరి మూడంకెలు 952, ఎనిమిదితో నిశ్శేషంగా పోతుంది. సున్న అయితే 052, పోదు. నా ప్రశ్న మాత్రం తక్కిన పాదాల గురించి.

ఛందోభిమాని: పదకొండవ అక్షరం 'ష' పాదం మొదటి శకారానికి యతిగా చక్కగా కుదిరింది, 'షట్క'ను మల్లన దగ్గరే నేర్చి ఉంటాడు. తర్వాతి అంకెలు 3, 4 కనుక పాదాంత గురువు 'రా' అయి, రెండో పాదం 'మశ్రుతి' అని ఎత్తుకొని ఉండాలి: రామ, శ్రుతి.

లెక్కల మాస్టారు: మొదటి పాదంలో ప్రాసస్థానాన, అంటే రెండో అక్షరంగా, ఉన్నది ఒంటి శకారం. దానికి 'శ్రు' ఎలా చెల్లుతుంది? పైగా 'మ' గురువై, పాదం మొదట మూడు లఘువులతో ఉండాల్సిన నగణమే చెడుతుంది.