రొయ్యల రేట్ల పేజీకి క్యాష్ లైబ్రరీ పెట్టాలా, ఉత్త జావాస్క్రిప్ట్ చాలా?

ఇందుకూరుపేట_రేట్లు: మా ఏజెంటు కోసం ఒక పేజీ చేస్తున్నా. 30 కౌంట్ (కిలోకి 30 రొయ్యలు) నుంచి 100 కౌంట్ దాకా రేట్లు. కౌంట్ మీద నొక్కితే వివరాలు తెరుచుకోవాలి, రేటు మారితే ఆ గడి రంగు మారాలి. పేజీలో భాగాలను వెతికి మార్చే రెడీమేడ్ కోడ్ జేక్వెరీ ఉంది కదా, దాని బదులు అదే పని చేసే క్యాష్ అనే చిన్న లైబ్రరీ పెడదామనుకుంటే, అదీ దండగంటున్నారు. ఏం చేయమంటారు?

ఒంగోలు_మాస్టారు: దండగే. 2006లో జేక్వెరీ వచ్చినప్పుడు ఒక్కో బ్రౌజరుది ఒక్కో తీరు. ఇప్పుడు పేజీలో భాగాన్ని వెతికే క్వెరీసెలెక్టర్, దాని క్లాసు మార్చే క్లాస్‌లిస్ట్ అన్ని బ్రౌజర్లలోనూ ఉన్నాయి. గిట్‌హబ్ 2018లోనే జేక్వెరీని తీసేసింది, పేజీల డిజైన్‌కు వాడే బూట్‌స్ట్రాప్ కూడా 5వ వెర్షన్‌లో వదిలేసింది. నువ్వెందుకయ్యా మోయడం?

కావలి_ఫ్రీలాన్సర్: మాస్టారూ, ఆయన అడిగింది జేక్వెరీ గురించి కాదు. కుదించాక అది 30 కేబీ, క్యాష్ 6 కేబీ. వాట్సాప్‌లో వచ్చే ఫొటో ఒక్కటి దానికంటే బరువు. అసలు సంగతి వేరే. ఒకే స్క్రిప్టు అన్ని పేజీలకూ పెడతాం. అడ్రసు పేజీలో రేట్ల టేబుల్ ఉండదు. క్వెరీసెలెక్టర్ నల్ (ఏమీ లేదని) ఇస్తుంది, దానికి క్లిక్ తగిలించబోతే ఎర్రర్, కింది లైన్లన్నీ ఆగిపోతాయి. మెనూ కూడా తెరుచుకోదు. క్యాష్ అయితే ఏమీ దొరక్కపోయినా గమ్మునుంటుంది.

ఒంగోలు_మాస్టారు: క్లిక్ తగిలించే ముందు ప్రశ్నార్థకం, చుక్క (?.) పెడితే సరిపాయె, ఏమీ దొరక్కపోతే అదే దాటేస్తుంది.

కావలి_ఫ్రీలాన్సర్: అది క్రోమ్ 80 నుంచే. రైతు ఫోన్‌లో అంతకంటే పాతదుంటే ఆ ఒక్క గుర్తుకే ఫైలు మొత్తం నడవదు.

చీమకుర్తి_రాయి: ఒక 'ఇఫ్' రాస్తే పోయేదానికి ఇంత రచ్చా?

ఒంగోలు_మాస్టారు: గమ్మునుండటమే జబ్బు. మా బావమరిది ఒక ఏజెంటు పేజీలో రేటు చూసి చెరువు పట్టుబడి పెట్టించాడు. క్లాసు పేరులో ఒక్క అక్షరం తప్పు. ఎర్రర్ లేదు, పాడు లేదు, ముందురోజు రేటే కనిపిస్తా ఉంది. లోడెత్తినాక తెలిసింది, రేటు పడిపోయిందని. మీలాంటోడే ఎవరో చేసుంటాడు.

కావలి_ఫ్రీలాన్సర్: మీలాంటోడు అంటే ఏంది సార్? అన్నిటినీ వెతికే క్వెరీసెలెక్టర్‌ఆల్ పెట్టి, దొరికినవాటి మీద ఒక్కోటిగా ఫర్‌ఈచ్ తిప్పితే, ఏమీ దొరక్కపోయినా మీ ఉత్త జావాస్క్రిప్ట్ కూడా గమ్మునే ఉంటుంది. పిల్లలకు అది చెప్పరా?

ఒంగోలు_మాస్టారు: చెప్తాను. లైబ్రరీ నేర్చుకుని వచ్చి ఎర్రర్లు చూపే కన్సోల్ తెరవడం రాని పిల్లలను రోజూ చూస్తున్నా. తప్పు కనపడాలి నాయనా.

కావలి_ఫ్రీలాన్సర్: కనపడితే సరిచేసేదెవరు? పేజీ చేసిన రోజు ఇచ్చిన డబ్బులే, ఆ తర్వాత రూపాయి ఇవ్వరు. మెనూ తెరుచుకోకపోతే మాత్రం ఆదివారం రాత్రి కూడా ఫోన్ నాకే. మీకు నెల తిరిగేసరికి జీతం పడుతుంది. నేను మళ్లీ ముట్టుకోనక్కర్లేని కోడ్ కావాలి నాకు.

ఒంగోలు_మాస్టారు: ఈ మాట ముందే అనొచ్చుగా. ఆ ఖర్చు ఏజెంటు దగ్గర వసూలు చెయ్. రైతు మీదికి తోయబాక.

కావలి_ఫ్రీలాన్సర్: మీరొచ్చి అడగండి, ఇస్తాడేమో చూద్దాం.

ఇందుకూరుపేట_రేట్లు: అన్నా, మెనూకీ, తెరిచి మూసేదానికీ క్యాష్ పెడతా. రేటు గడి మాత్రం ఉత్త జావాస్క్రిప్ట్‌తోనే. గడి దొరక్కపోతే పాత రేటు తీసేసి 'ఫోన్ చేయండి' అని చూపిస్తా. ప్రతి రేటు పక్కనా తేదీ, టైము వేస్తా.

కావలి_ఫ్రీలాన్సర్: గడి దొరక్కపోతే అందులో రేటు ఎట్టా తీసేస్తావు సామీ?