అప్‌డేట్: కౌన్సెలింగ్‌లో చెప్పింది పై అధికారికి తెలుస్తుందా?

పోలీసు ఉద్యోగి కౌన్సెలింగ్‌కి వెళ్తే ఆ మాటలు పైవాళ్ల దాకా వెళ్తాయా అని ఇదివరకు అడిగాను. తేలిందేమిటంటే, మెలికంతా ఎవరు పంపారన్న దాంట్లోనే ఉంది. తనంతట తాను వెళ్తే మామూలుగా గోప్యమే. ప్రాణాపాయం, కోర్టు ఆదేశం లాంటివి మినహాయింపులు. డ్యూటీకి పనికొస్తారో లేదో తేల్చమని శాఖే పంపితే మాత్రం రిపోర్టు శాఖకే పోతుంది. ఈ రెంటినీ ఒకటే అనుకుని అంతా చెప్పేసి, తర్వాత తల పట్టుకునేవాళ్లూ ఉంటారు.

సమ్మతి పత్రంలో "సమాచారం ఎవరికి ఇవ్వవచ్చు" అన్న గడి ఖాళీగా ఉంటే, గీత కొట్టాకే సంతకం పెట్టాలి. తోటి ఉద్యోగుల సహాయ బృందానికి వైద్యులకున్నంత గోప్యతా రక్షణ అన్నిచోట్లా ఉండదు, ముందే అడగాలి. భార్యాభర్తలు కలిసి వెళ్తే ఫైలు ఒకటా, రెండా? అదీ అడగాల్సిందే. బిల్లు బీమాకి పెడితే జబ్బు కోడ్ (ఏ జబ్బో తెలిపే గుర్తు) కూడా మామూలుగా దాంతోపాటే వెళ్తుంది.