నాయనకి యూరిన్ చిక్కగా, అవ్వకి నీళ్ళలాగా... ఎవరి కిడ్నీలు బాగున్నట్టు?

చీమకుర్తి_అబ్బాయి

అందరికీ నమస్తే. నెల రోజుల్నుంచి ఒక డౌట్ బుర్ర తినేస్తా ఉంది, తెలిసినోళ్ళు కాస్త చెప్పండి. మాది చీమకుర్తి పక్కన పల్లె. మా నాయన గెలాక్సీ గ్రానైట్ క్వారీలో పని చేస్తాడు, ఈ రోహిణి కార్తెలో పొద్దున ఆరింటికి పోతే మధ్యాహ్నం దాకా ఆ నల్లరాయి మీదే, పైన ఎండ కింద సెగ. రోజుకి 5 లీటర్లు తాగుతాడు, అయినా ఒంటికి పోయేది రెండు మూడు సార్లే, అదీ కొంచెమే, నువ్వులనూనె రంగులో వస్తది అని చెప్తా ఉంటాడు. ఇంకో పక్క మా అవ్వకి 72 ఏళ్ళు, షుగర్ ఇరవై ఏళ్ళ బట్టీ ఉంది, ఆమెకి మంచినీళ్ళలాగా తెల్లగా పోతది, రాత్రి నాలుగు సార్లు లేస్తది, నేనే లైటేసి చెయ్యి పట్టుకుని తీసకపోతా. మొన్న ఇద్దరికీ టెస్టులు చేపిస్తే డాక్టరు నాయన కిడ్నీలు బాగున్నయ్, అవ్వ కిడ్నీలు దెబ్బతింటన్నయ్, కిడ్నీ బయటికి పంపాల్సిన క్రియాటినిన్ అనే మలినం రక్తంలో 2.1 ఉంది అన్నాడు. నాకు తల తిరిగింది. తెల్లగా వస్తే మంచిది పచ్చగా వస్తే కిడ్నీ పాడు అని గదా ఊళ్ళో అందరూ అనేది? రిపోర్టులు తారుమారు ఏమన్నా అయినయ్యా? అసలు కిడ్నీ యూరిన్ని ఎట్టా చిక్కగా చేస్తదో, ఎట్టా పల్చగా చేస్తదో ఎవరన్నా వివరంగా చెప్తారా.

ల్యాబ్_అక్క_ఒంగోలు

తమ్ముడూ, తారుమారు కాలేదు, డాక్టరు చెప్పింది కరెక్టే. నేను 14 ఏళ్ళుగా ల్యాబులో యూరిన్ శాంపిళ్ళు చూస్తన్నా, ఈ తెల్లగా ఉంటే మంచిది అనే మాట పేషెంట్ల దగ్గర రోజూ వింటా. యూరిన్‌కి ఆ పసుపు రంగు యూరోబిలిన్ అనే పదార్థం వల్ల వస్తది, పాతబడ్డ ఎర్రరక్తకణాలు విరిగినప్పుడు తయారయ్యేదే అది. రోజుకి వచ్చే రంగు దాదాపు అంతే ఉంటది, కలిసే నీళ్ళు తగ్గితే ముదురుగా, పెరిగితే లేతగా కనపడతది. మీ నాయన తాగిన 5 లీటర్లలో ఎక్కువ భాగం చెమట రూపంలోనే పోతంది, ఆ ఎండలో పనిచేసే మనిషికి గంటకి లీటరు చెమట పోవడం మామూలే. మిగిలిన నీళ్ళని కిడ్నీ పట్టి పట్టి దాచుకుంటంది. ఆ పని చెయ్యగలగతంది అంటే కిడ్నీ సత్తువగా ఉన్నట్టే.

ఒక పని చెయ్యి, ఇద్దరి యూరిన్ రిపోర్టులు తీసి స్పెసిఫిక్ గ్రావిటీ అనే లైను చూడు, యూరిన్ ఎంత చిక్కగా ఉందో చెప్పే నాలుగంకెల నంబరు ఉంటది. అవ్వ రిపోర్టులో షుగర్ పడిందా లేదా కూడా చూడు, యూరిన్లో షుగర్ పోతా ఉంటే అది తనతో నీళ్ళని లాక్కుపోతది, అప్పుడు కూడా ఎక్కువసార్లు లేస్తారు.

బైపీసీ_మాస్టారు_కావలి

బాబూ, నువ్వడిగిన ప్రశ్నకి ఇంటర్లో రెండు పేజీల్లో కానిచ్చేస్తాం, పిల్లలు బట్టీ పట్టి రాసేస్తారు, కానీ ఇది నిదానంగా చూస్తే చాలా గొప్ప సంగతి, కాస్త ఓపిగ్గా చదువు.

మీ ఇంటికి వచ్చే 20 లీటర్ల వాటర్ క్యాను తెలుసు కదా. రెండు కిడ్నీలూ కలిసి రోజుకి రక్తంలోంచి వడకట్టే నీరు 180 లీటర్లు, అంటే అట్లాంటి క్యాన్లు తొమ్మిది. ఒంట్లో ఉండే ప్లాస్మా, అంటే రక్తంలో కణాలు పోను మిగిలే నీరు, 3 లీటర్లే, అదే ప్లాస్మా రోజుకి 60 సార్లు జల్లెడలో పడి లేస్తా ఉంటది అన్నమాట. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు, అంటే వడకట్టే సన్నని గొట్టాలు, ఒక్కో నెఫ్రాన్ మొదట్లో సన్నని రక్తనాళాల ఉండ, దాన్నే గ్లోమెరులస్ అంటాం. అక్కడ రక్తకణాలు, ప్రొటీన్లు ఆగిపోతయ్, నీళ్ళు, ఉప్పు, గ్లూకోజు, యూరియా అన్నీ కిందకి దిగిపోతయ్. మంచీ చెడూ అని ఏరడం అక్కడ లేదు, చిన్నవన్నీ పోతయ్ అంతే. ఏరుకునే పని ఆ తర్వాత గొట్టాలది.

మొదటి గొట్టంలోనే తొమ్మిది క్యాన్లలో ఆరు దాకా వెనక్కి రక్తంలోకి పోతయ్, గ్లూకోజు మొత్తం అక్కడే తిరిగి తీసుకుంటది. రక్తంలో షుగర్ 180 దాటితే ఆ గొట్టం ఇంక పట్టుకోలేక వదిలేస్తది, ల్యాబ్ అక్క చెప్పింది అందుకే. ఇంతవరకు చిక్కబడటం ఏమీ జరగలా, నీళ్ళూ ఉప్పూ కలిసే వెనక్కి పోతన్నయ్ కాబట్టి మిగిలింది కూడా రక్తమంత చిక్కగానే ఉంటది.

అసలు పనితనం తర్వాత ఉంది. హెన్లీ అనే జర్మన్ ఆయన 1862లో ఒక గొట్టాన్ని వర్ణించాడు, జడపిన్ను లాగా కిడ్నీ లోపలికి దిగి మళ్ళీ మడత తిరిగి పైకి వస్తది. అది ఎందుకట్లా వంగిందో చానా ఏళ్ళు ఎవరికీ అర్థం కాలా. ఇప్పుడు మీ ఇంట్లో మాగాయ పెట్టేది గుర్తు తెచ్చుకో. మామిడి ముక్కల్లో ఉప్పూ పసుపూ కలిపి జాడీలో పెట్టి మూడో రోజు మూత తీస్తే ముక్కలు ముడుచుకుపోయి ఊటలో తేలతా ఉంటయ్, మనం చుక్క నీళ్ళు పొయ్యలేదు కదా, ఆ నీళ్ళు ముక్కల్లోంచి ఉప్పు వైపుకి వచ్చినయ్. నీళ్ళని నేరుగా తోసే పంపు ఒంట్లో ఎక్కడా లేదు, ఉప్పు ఎక్కడ చిక్కగా ఉంటే నీళ్ళు అటు పోతయ్, కిడ్నీ వాడుకునేది ఈ ఒక్క సంగతినే.

జడపిన్నులో పైకి వచ్చే కాలు ఉప్పుని బయటికి తోడతా ఉంటది కానీ నీళ్ళని బయటికి పోనివ్వదు. కిందకి దిగే కాలు నీళ్ళని పోనిస్తది. పైకి వచ్చే కాలు తోడిపోసిన ఉప్పు పక్కనే ఉన్న దిగే కాల్లోంచి నీళ్ళని లాగతది, దాంతో కిందకి దిగేది చిక్కబడి మడత దగ్గరికి చేరతది, ఆ చిక్కటిదే మళ్ళీ పైకి తిరిగి ఇంకా ఎక్కువ ఉప్పు తోడిపోసేదానికి సరుకవుతది. చిక్కదనాన్ని లీటరులో ఎంత సరుకు కరిగి ఉందో ఆ లెక్కన పాయింట్లలో చెప్తా. ఒక్కో చోట పంపు చెయ్యగలిగిన తేడా 200 పాయింట్లే, కానీ దిగేది ఎక్కేది పక్కపక్కన ఎదురెదురుగా పారతా ఉండటం వల్ల పొరమీద పొర కూడుకుని కిడ్నీ పైభాగంలో 300 ఉన్నది లోపలి అడుగున 1200 అవుతది. దీనికి యూరియా కూడా సాయం పడతది, మనం పొలంలో చల్లే యూరియా ఏ పదార్థమో ఇదీ అదే. అక్కడికి పోయే రక్తనాళాలు కూడా జడపిన్ను లాగానే వంగి ఉంటయ్, లేకపోతే కష్టపడి కూడబెట్టిన ఉప్పుని రక్తం కడిగేసుకుని పోయేది.

ఇంక చివరి గొట్టం ఈ ఉప్పు జాడీలోంచే కిందకి దిగి బయటికి పోతది. దాని గోడలో నీళ్ళకి తూములు ఉంటయ్, వాటినే ఆక్వాపోరిన్లు అంటారు, వీటిని కనిపెట్టినందుకు పీటర్ ఆగ్రేకి 2003లో నోబెల్ వచ్చింది. మీ నాయనకి చెమటపట్టి రక్తం రవ్వంత చిక్కబడగానే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి ఏడీహెచ్ అనే హార్మోను వస్తది, అది చెరువు తూము ఎత్తినట్టు ఈ తూములు తెరిపిస్తది, నీళ్ళు ఉప్పు వైపుకి అంటే మళ్ళీ ఒంట్లోకే పోతయ్, గొట్టంలో నువ్వులనూనె రంగుది మిగులుతది. నీళ్ళు ఎక్కువ తాగితే ఏడీహెచ్ ఆగిపోద్ది, తూములు మూతపడి పల్చగా పోతది. ఆ హార్మోను అసలు రాని జబ్బు ఉన్నోళ్ళకి రోజుకి 15, 18 లీటర్ల దాకా పోతది. అంటే ఆ తొమ్మిది క్యాన్లలో ఆఖరి క్యాను ఉంచుకోవాలా పోగొట్టుకోవాలా అనేది ఈ ఒక్క హార్మోను చేతిలో ఉంది.

ఇస్కపల్లి_ఉప్పుమడి

మాస్టారూ, మీరు చెప్తా ఉంటే నాకు మా మళ్ళే కళ్ళముందు కనిపించినయ్. మాది అల్లూరు మండలం ఇస్కపల్లి, ఉప్పు పని. మేము కూడా నీళ్ళని ఒక మడిలోంచి ఇంకో మడికి పంపిస్తా చిక్కబెడతాం, గాజు మీటరు తేలేసి డిగ్రీలు చూస్తాం, సముద్రం నీళ్ళు 3 దగ్గర ఉంటయ్, 25కి వస్తే గానీ ఉప్పు పేరదు. మాకు ఎండ కావాల, కిడ్నీకి ఎండ లేకుండానే చిక్కబడతంది అంటే ఆశ్చర్యంగా ఉంది. నాదొక డౌట్. కిడ్నీ అంత చిక్కగా చెయ్యగలిగితే మా వేటకి పోయే వాళ్ళు నీళ్ళు అయిపోయినప్పుడు సముద్రం నీళ్ళు తాగితే ఎందుకు ప్రాణం మీదకి వస్తది? మా పెదనాయన బోటు ఇంజను ఆగిపోయి రెండు రోజులు లోపల ఉండిపోయినప్పుడు నాలుక పిడచకట్టుకపోయినా చుక్క ముట్టలేదంట, పెద్దోళ్ళు చెప్పారు ముట్టొద్దని.

బైపీసీ_మాస్టారు_కావలి

మీ పెదనాయన ప్రాణం నిలబెట్టింది ఆ మాటే అన్నా. సముద్రం నీళ్ళు లీటరుకి 35 గ్రాముల ఉప్పు, అది కూడా ఇంచుమించు 1200 పాయింట్లే. మన కిడ్నీ మహా అయితే 1200, 1400 దాకా చిక్కబెట్టగలదు, కానీ ఆ యూరిన్లో మూడో వంతు చోటు యూరియాకి పోతది, ఉప్పుకి మిగిలేది రెండు వంతులే. అందుకే లీటరు సముద్రం నీళ్ళు తాగితే ఆ ఉప్పు బయటికి పంపేదానికి లీటరున్నర యూరిన్ పొయ్యాల, మిగతా అరలీటరు ఒంట్లోంచే ఊడుతది. దాహానికి తాగిన నీళ్ళే మనిషిని ఎండబెడతయ్. ఎడారి ఎలుకలు కొన్ని మనకంటే మూడు నాలుగు రెట్లు చిక్కగా చెయ్యగలవు, వాటి కిడ్నీల్లో ఆ జడపిన్నులు చానా పొడుగు.

చీమకుర్తి_అబ్బాయి

మాస్టారూ రెండుసార్లు చదివినా, మాగాయ దగ్గర అర్థమైపోయింది, మా అమ్మకి కూడా చదివి వినిపించినా. అక్కా రిపోర్టులు తీసినా. నాయనది 1.028 అని ఉంది. అవ్వది 1.010, షుగర్ నిల్, కింద ప్రొటీన్ రెండు ప్లస్సులు అని ఉంది. మూడు నెలల కిందటి అవ్వ రిపోర్టు దొరికింది, అందులోనూ 1.010 ఏ. దీనర్థం ఏంది?

ల్యాబ్_అక్క_ఒంగోలు

అదే తమ్ముడూ నేను చూడమంది. ఉప్పుమడి అన్న తేలేసే మీటరు లాంటిదే మా దగ్గరా ఉండేది, ఇప్పుడు స్ట్రిప్పులు వచ్చినయ్. బాగున్న కిడ్నీ నీళ్ళు తాగితే 1.005కి దిగతది, తాగకపోతే 1.030 దాకా ఎక్కతది, అట్టా ఎక్కుతా దిగతా ఉండాల. అవ్వది ఎప్పుడు చూసినా 1.010 దగ్గర నిలబడిపోయింది అంటే అది వడకట్టిన ప్లాస్మా చిక్కదనమే, చిక్కబెట్టే పనీ పల్చబరిచే పనీ రెండూ సన్నగిల్లినయ్. షుగర్ వల్ల చానా నెఫ్రాన్లు పోయినప్పుడు మిగిలినవాటి మీద బరువంతా పడతది, ఒక్కోదాంట్లో నీరు వడిగా పారిపోతది, జాడీలో ఉప్పు కూడదు.

రాత్రి లేవడం కూడా దీంతో ముడిపడిందే. ఒంట్లో రోజుకి పోవాల్సిన మలినం 600 పాయింట్లు అనుకో, మీ నాయన కిడ్నీ 1200 చిక్కదనంతో అరలీటరులో పంపేస్తది. అవ్వ కిడ్నీ 300 దగ్గరే ఆగిపోయింది కాబట్టి అదే మలినానికి 2 లీటర్లు కావాల, పగలూ రాత్రీ పోతానే ఉంటది. అందుకని అవ్వకి రాత్రి లేస్తందని నీళ్ళు మాన్పించకండి, చానా ఇళ్ళల్లో అదే చేస్తారు, మలినం లోపలే నిలిచిపోతది. ఎన్ని తాగాలో మాత్రం డాక్టర్నే అడగండి, జబ్బు ముదిరేకొద్దీ ఆ లెక్క మారతది, కాళ్ళు వాస్తే ఇంకోలాగా చెప్తారు. ఆ ప్రొటీన్ రెండు ప్లస్సులు కూడా ఆయనకి చూపించండి. నొప్పి మాత్రలు మెడికల్ షాపులో సొంతంగా కొని ఇవ్వొద్దు.

నాయన సంగతి. కిడ్నీ బాగుంది గదా అని ఊరుకోవద్దు, రోజూ ఆ రంగు చూస్తన్నాడంటే రోజూ కిడ్నీ చివరిదాకా లాగతంది, రాళ్ళు కట్టేది కూడా ఇట్టాంటోళ్ళకే ఎక్కువ. దాహం వేసేదాకా ఆగకుండా పని మొదలెట్టకముందే అర లీటరు తాగిపించు, మధ్యలో ఉప్పేసిన మజ్జిగ. ఎప్పుడన్నా యూరిన్ టీ డికాషన్ రంగులో వచ్చి ఒళ్ళు విపరీతంగా నొప్పులు పెడితే అది నీళ్ళు తక్కువై వచ్చే రంగు కాదు, ఆ రోజే ఆసుపత్రికి తీసకపోవాల.

చీమకుర్తి_అబ్బాయి

అక్కా, అవ్వకి రాత్రి ఏడు తర్వాత నీళ్ళు ఇవ్వకుండా ఆపింది నేనే. చీకట్లో పడిపోతదేమోనని భయపడి చెంబు ఎత్తి పైన పెట్టేవాణ్ణి, ఆమె అడిగినా ఇచ్చేవాణ్ణి కాదు. ఇప్పుడే లేచి మంచం పక్కన పెట్టొచ్చినా. సోమవారం రెండు రిపోర్టులూ తీసుకుని ఒంగోలు పోతన్నాం, రోజుకి ఎన్ని తాగాలో డాక్టర్ని అడిగి వచ్చి ఇక్కడే రాస్తా.